వరుస తప్పిన అధ్యాయం

2025 జూన్ 2, సోమవారం

లేచింది 4.50కి. కుళాయి 5.30 నుంచి 6.10 వరకు, బిందెలు తొమ్మిది. వరండా, మధ్య గది కడిగాను. మౌనిక గదిలో పరుపు ఎండలో వేసి రెండుసార్లు తిప్పాను. దుప్పట్లు రెండు, దిండు గలీబులు నాలుగు ఉతికాను. శొంఠి దంచి, జల్లించి డబ్బాకెత్తాను. వాము ఏరాను. సాయంత్రం ప్రార్థన: మత్తయి పదో అధ్యాయం.

రోజుకొక అధ్యాయం, వరుస తప్పకుండా చదవడం ఆయన పెట్టిన పద్ధతి. ఎర్రగుంట్ల స్టేషన్లో గూడ్సు గుమాస్తా పని ముగించుకుని ఎంత ఆలస్యంగా వచ్చినా చదివేవారు. ఆయన పోయి నాలుగేళ్లయినా నేను తప్పలేదు.

మౌనిక ఎనిమిదో తేదీ ప్రొద్దుటూరికి, పుట్టింటికి వస్తుంది. తొలికాన్పు. పురుడు నేనే పోయాలి. నా పురుడు మా అమ్మ జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో పోసింది. పదకొండు రోజులు వరండాలో చాప వేసుకుని ఉంది. అప్పటి నుంచి అది నా మీద బాకీ. అమ్మకు తీర్చేది కాదు, మౌనికకు తీర్చాలి.

మధ్యాహ్నం పక్కింటి మస్తానమ్మ పిట్టగోడ మీద నుంచి అరిచింది. కుట్టు మిషను ఆపి మరీ వచ్చింది.

"దీవెనక్కా, మామిడికాయల బండి పోతాంది, రా!"

"ఈ ఏడు ఊరగాయ పెట్టనులే మస్తానమ్మా."

"ఏం, నోట్లో పండ్లు ఊడినాయా?"

"అవసరముండదు."

"ఖయామత్ వస్తాందనా? వస్తే రానీలే. వచ్చేదాక అన్నంలోకి ఏం కలుపుకుంటావు?"

అంత్యదినాన్ని వాళ్లు అలాగే అంటారు. ఆమెకు చెప్పినా అర్థం కాదు.

ప్రభువు రాకడ గుర్తుల నోటులో ఈ రోజు రాసినవి: యుద్ధాల గడిలో రెండు, భూకంపాల గడిలో ఒకటి, కరువుల గడి ఖాళీ, తెగుళ్ల గడిలో ఒకటి.

జూన్ 4, బుధవారం

బిందెలు ఎనిమిది. ఇడ్లీ పిండి రుబ్బాను. మత్తయి పన్నెండు.

ఫోన్లో ప్రవచనాల పాఠం చెప్పే అయ్యగారు ఒక సంగతి చెప్పారు. యెరూషలేములో ఆలయం కూలిన దినం యూదుల లెక్క ప్రకారం ఈ ఏడు ఆగస్టు మూడున పడుతోందట. నోటులో రాసుకుని, తర్వాత మౌనిక పంపిన ఆసుపత్రి చీటీ ఫొటో తెరిచి చూశాను. డాక్టరమ్మ కాన్పుకిచ్చిన తేదీ కూడా ఆగస్టు మూడు.

ఆ తేదీ కింద ఎర్ర ఇంకుతో గీత గీశాను. ఎవరికీ చెప్పలేదు.

ఆయన ఉంటే నవ్వేవారు. "దీవెనా, బండి ఎంత లేటో బోర్డు మీద రాసేది మా స్టేషన్ పని. ప్రభువు బండికి బోర్డు లేదు" అనేవారు. 2021 మే 14న ఆయన పోయారు. నోటు మొదటి పేజీ మే 25న రాశాను. తిరగలి దగ్గర ఇద్దరుంటే ఒకరిని తీసుకుపోతారనీ, ఒకరు మిగిలిపోతారనీ ఉంది కదా. ఈ ఇంట్లో అప్పుడు ఇద్దరమే ఉండేవాళ్లం.

జూన్ 8, ఆదివారం

బిందెలు పదకొండు. ఆరాధన ముగిసి గుడి నుంచి 11.15కి వచ్చాను. అన్నం, చింతచిగురు పప్పు, కోడికూర, పెరుగు. గిన్నెలు పద్నాలుగు. రోజూ నాలుగే.

అల్లుడు ప్రవీణ్ పులివెందుల నుంచి కారు మాట్లాడుకుని మౌనికను దింపాడు. ఎనిమిదో నెల. పాదాలు వాచాయి. నీళ్లు కాచి పోశాను.

"అత్తా, రేపు మా బళ్లో శిక్షణ ఉంది, ఇప్పుడే పోవాల. నీ కూతురు ఊరగాయ లేకుండా ముద్ద ముట్టడం లేదు, అదొక్కటి చూసుకో" అన్నాడు ప్రవీణ్.

నా దగ్గర ఊరగాయ లేదు. పోయినేటిది ఏమైనా మిగిలిందేమోనని వంటింటి అరలు వెతికాను. అంతలో మస్తానమ్మ జాడీ పట్టుకుని వచ్చింది.

"నీకోసం కాదులే అక్కా, పాపకు" అని మౌనిక వైపు తిరిగింది. "మీ అమ్మ ఆకాశం వైపు చూస్తా కూర్చుంటే నీకు ఉప్పూకారం ఎవురు చూస్తారుమే?"

మౌనిక పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఈ ఇంట్లో విని ఎన్నాళ్లయిందో లెక్క కట్టబోయి మానుకున్నాను.

మత్తయి పదహారు. ఇద్దరం చదివాం. ఒక వచనం నేను, ఒక వచనం తను.

జూన్ 11, బుధవారం

బిందెలు పన్నెండు. మౌనికకు కాళ్లకు నూనె రాశాను. తను నా చెయ్యి పట్టుకుని పొట్ట మీద పెట్టింది. లోపల బిడ్డ తన్నింది. రెండుసార్లు.

మత్తయి పంతొమ్మిది. నిన్న గుర్తుల నోటు రాయడం మర్చిపోయాను, ఈ పొద్దున గుర్తొచ్చి నింపాను.

జూన్ 13, శుక్రవారం

ఇరాన్ మీద ఇజ్రాయెల్ బాంబులు వేసింది. పొద్దున ఏడింటి నుంచి టీవీలో అదే. యెహెజ్కేలు ముప్పై ఎనిమిదో అధ్యాయం తీసి చూశాను. ఇరాన్ పాత పేరు, పారసీక దేశం, అక్కడ ఉంది. పాలు పొంగిపోయాయి. మధ్యాహ్నం అన్నం మౌనికే వండింది.

సాయంత్రం ప్రార్థన: మత్తయి ఇరవై నాలుగు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. మౌనిక గోడకానుకుని కాళ్లు చాపుకుని కూర్చుంది. నేనొక్కదాన్నే చదివాను. యుద్ధాలు, కరువులు, భూకంపాలు అయ్యాయి. పంతొమ్మిదో వచనం వస్తుండగా చెయ్యెత్తి ఆపింది.

"మా, ఆ ఒక్కటి వదిలెయ్."

"ఏదిమే?"

"నీకు తెలుసు. కడుపుతో ఉన్నోళ్లకు, పాలిచ్చేటోళ్లకు ఆ దినాల్లో అయ్యో అనేది. వినలేను మా. పోయినేడు మూడో నెలలో నాకు కడుపు పోయింది మర్సిపోయినావా?"

"వాక్యంలో ఒక మాట తీసేసేదానికి మనమెవురం?"

చదివాను. మామూలుకంటే గట్టిగానే చదివానేమో. తను తెలుసుకోవాలి కదా అని గుర్తుల నోటు తెచ్చి ఆగస్టు మూడు సంగతి కూడా చూపించాను. ఎర్ర గీత చూసింది. లేచి గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.

జూన్ 14, శనివారం

బిందెలు పన్నెండు. ఉప్మా చేశాను. మౌనిక తినలేదు. ఊరగాయ కూడా ముట్టలేదు.

జూన్ 15, ఆదివారం

గుడికి పోలేదు. ప్రవీణ్ పది గంటలకు కారు తెచ్చాడు. రాత్రే మౌనిక ఫోన్ చేసి రమ్మందట. కాన్పు అత్తగారింట్లోనేనట.

"కోపం తగ్గినాక నేనే తీసుకొస్తా అత్తా. ఇప్పుడు ఏం మాట్లాడొద్దు, దానికి బీపీ పెరుగుతాంది" అన్నాడు.

మౌనిక కారెక్కే ముందు ఒక మాట అంది. రాయను.

వరుసలో ఆ అధ్యాయమే వచ్చింది. నేనేం చేసేది.

జూన్ 17, మంగళవారం

బిందెలు ఐదు. గిన్నెలు నాలుగు. పరుపు చుట్టి పెట్టాను.

జూన్ 22, ఆదివారం

అమెరికా కూడా దిగింది. ఇరాన్ మీద బాంబులు. నోటులో పేజీ నిండిపోయింది, పక్క పేజీలోకి రాశాను.

ఇలాంటి రోజు ఆయనకు చెప్పాలనిపిస్తుంది.

జూన్ 24, మంగళవారం

యుద్ధం ఆగిందట. బిందెలు నాలుగు.

జూన్ 25, బుధవారం

నిన్న యుద్ధం ఆగిందని తెలిసినప్పుడు నా మనసు ఉసూరుమంది. అది రాయకుండా పడుకున్నాను. ఈ రోజు రాస్తున్నాను.

జులై 2, బుధవారం

నీళ్లు రాలేదు. పనేమీ లేదు. మౌనికకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్లీ చేయలేదు. సాయంత్రం ప్రవీణ్ మెసేజ్ పెట్టాడు: బీపీ బాగుంది, బిడ్డ రెండున్నర కిలోలు. చూపించమని మస్తానమ్మ ఫోన్ లాక్కుని చదివింది.

"రెండున్నర అంటే బాగుండాదే! ఇంకేం, పో."

"పిలవలేదు."

"పురుటికి పిలిచేదేంది అక్కా? పిలిస్తే పోయేది పెండ్లికి."

"దానికి నన్ను చూస్తే భయమంట."

"భయం పెట్టింది ఎవురు?"

కోపం వచ్చింది. వాక్యం చదవడం భయపెట్టడమా అన్నాను. మస్తానమ్మ నోట్లో సూది పెట్టుకుని వెళ్లిపోయింది. రెండు రోజులుగా గోడ దగ్గరికి రాలేదు.

(పై వాక్యం జులై 4న రాసింది. మధ్యలో రెండు రోజులు ఏమీ రాయలేదు.)

జులై 11, శుక్రవారం

బిందెలు నాలుగు. వెల్లుల్లి ఒలిచాను, ఒక గిన్నె నిండా. ఎవరికో తెలియదు.

జులై 20, ఆదివారం

గుడి అయ్యాక మా సంఘ కాపరి ఆరోన్ అయ్యగారు నన్ను ఆపారు. వయసులో నాకంటే చిన్నవాడు, అక్కా అంటాడు.

"అక్కా, మూడు వారాల నుంచి పాట పాడడం లేదు నువ్వు. పెదాలు కదలడం లేదు."

చెప్పాను. వచనం వదలమంటే వదల్లేదనీ, అందులో నా తప్పేముందనీ అడిగాను. తప్పు లేదంటాడని అనుకున్నాను.

ఆయన కుర్చీలు ఒకదాని మీద ఒకటి పెట్టసాగాడు.

"వదలకపోవడం మంచిదే అక్కా. ఏ గొంతుతో చదివినావు?"

"గొంతా?"

"ప్రభువు ఆ మాట ఎవురిని చూసి అన్నాడు? అందరూ కొండలకు పరుగెత్తుతాంటే, నిండుకడుపుతో పరుగెత్తలేనిదాన్ని చూసి. సంకలో బిడ్డ ఉన్నదాన్ని చూసి. అది తీర్పు కాదు అక్కా, జాలి. చలికాలంలో రాకూడదని ప్రార్థన చేసుకోమని ఆ వెనకే చెప్పినాడు గదా. అంటే ఆయమ్మ తప్పించుకోవాలని ఆయనకే ఉండాది."

నేనూ ఒక కుర్చీ తెచ్చి అందించాను.

"అట్టాంటప్పుడు ఆ బిడ్డ కాస్త నేను ఎత్తుకుంటా ఇటియ్యి అనేటోళ్లు పక్కన ఎవురో ఒకరు ఉండాల గదా" అని ఇంకో కుర్చీ ఎత్తి పెట్టాడు.

జులై 21, సోమవారం

బిందెలు ఆరు. వంటగది అరలు దులిపాను. ఇప్పుడు రాస్తాను.

కారెక్కే ముందు మౌనిక అన్నది ఇది: "నీకు నాయన కాడికి పోవాలని తొందర మా. నా బిడ్డ ఇంకా ఈడికి రానే లేదు."

ఇంకొకటి. వెనక్కి తిప్పి చూశాను. జూన్ 12న మత్తయి ఇరవై. పదమూడున రావలసింది ఇరవై ఒకటి. ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు దాటేసి నేనే ఇరవై నాలుగు తెరిచాను. టీవీ చూసి తెరిచాను. ఒక వచనం వదలడానికి మనమెవరమని కూతుర్ని అడిగిన దాన్ని, మూడు అధ్యాయాలు వదిలేశాను. వరుసలో వచ్చిందని ఈ పుస్తకంలోనే రాసుకున్నాను. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. ఎవరితో అబద్ధం చెప్పినట్టు?

జులై 23, బుధవారం

బిందెలు ఆరు. పాత నూలు గుడ్డలు కావాలి, బిడ్డకు. చీరలు చూశాను, అన్నీ గరుకు. ఆయన పంచెలు పెట్టెలో ఉన్నాయి. నాలుగేళ్లుగా ఏడాదికి రెండుసార్లు ఉతికి, మడతపెట్టి, లోపల పెడుతున్నాను. ఎందుకు ఉతుకుతున్నానో ఎప్పుడూ అనుకోలేదు.

పిట్టగోడ దగ్గరికి పోయి మస్తానమ్మను పిలిచాను. కత్తెర కావాలన్నాను. పంచెలు చూసింది, నన్ను చూసింది. తనే పట్టుకుని నిలబడింది, నేను కత్తిరించాను. ఒక పంచెకు ఎనిమిది ముక్కలు. మూడు పంచెలకు ఇరవై నాలుగు. అంచులు మస్తానమ్మ కుట్టిచ్చింది, లోపలికి మడిచి, దారం బిడ్డకు ఒరుసుకోకుండా.

"అన్న మెత్తని మనిషి" అంది, గుడ్డ చెంపకు ఆనించుకుని. అంతే అంది.

జులై 26, శనివారం

తాళం వేసింది 6.20కి. సంచులు రెండు: గుడ్డలు ఇరవై నాలుగు, శొంఠి, వాము, వెల్లుల్లి, ఊరగాయ జాడీ, బైబిలు, ఈ పుస్తకం.

ఎర్రగుంట్లలో బస్సు మారాను. శ్రావణ శనివారమని బస్సు నిండా గండి క్షేత్రానికి పోయేవాళ్లు. స్టేషన్ వైపు చూడకూడదనుకుని చూశాను. బస్సులో నిలబడే చోటు కూడా లేదు. పసుపు చీర కట్టుకున్న ఒకామె నా సంచులు చూసి జరిగింది.

"గండికేనా అక్కా?"

"కాదమ్మా. కూతురి కాన్పుకు."

"అయ్యో, కూర్చో కూర్చో. మేము వేంపల్లెలో దిగుతాం. నీ కూతురి పేరేంది? స్వామికి చెప్పుకుంటా."

చెప్పాలా వద్దా అని వీరపునాయునిపల్లె దాకా ఆలోచించాను. చెప్పాను. దిగేటప్పుడు ఆమె పెదాల మీద ఆ పేరు రెండుసార్లు అనుకుంటూ దిగింది, మర్చిపోకుండా.

పులివెందులలో ఇల్లు చేరింది 10.40కి. మౌనిక గడపలో నిలబడింది. లోపలికి రమ్మనలేదు.

"నోటు తెచ్చినావా?"

"లేదు. ఇంట్లో ఉండాది."

"నిజంగా?"

"సంచి చూసుకో."

నిజంగానే చూసింది. కూర్చోలేక కూర్చుని సంచి విప్పింది. ఒక గుడ్డ తీసింది, ఇంకొకటి తీసింది. నీలం అంచు ముక్క దగ్గర ఆగింది.

"ఇవి నాయన పంచెలు."

"మెత్తగా ఉంటాయని."

"కోసేసినావా?"

"ఇరవై నాలుగు వచ్చినాయి."

మౌనిక గుడ్డలో మొహం పెట్టుకుంది. నేను చెప్పాలనుకున్నది బస్సులో మూడుసార్లు వల్లెవేసుకున్నాను: ఆ రోజు వరుసలో ఇరవై ఒకటి రావాలి, నేనే దాటాను. అది చెప్పాను. ఇంకా ఉంది, అది నోటికి రాలేదు.

తల ఎత్తకుండానే అంది: "నాకు తెలుసు మా. ముందురోజు ఇరవై చదివింది నేనే గదా."

అన్నీ తెలిసి కూడా మాట్లాడకుండా గదిలోకి పోయింది ఆ రోజు.

"కాళ్లు ఎట్టుండాయి?" అన్నాను.

"వాచినాయి."

నూనె ఎక్కడుందో వియ్యపురాలిని అడిగి తెచ్చుకున్నాను.

జులై 30, బుధవారం

ఆడబిడ్డ. 10.20కి. మూడు కిలోల వంద. మామూలు కాన్పు. ఇద్దరూ బాగున్నారు.

ఇంతే రాస్తున్నాను, గుడ్డలు ఉతకాలి.

ఆగస్టు 3, ఆదివారం

పాలు: 5.10, 7.30, 9.45, 12.00, 2.20, 4.15, 6.40. గుడ్డలు ఉతికినవి పద్నాలుగు. శొంఠిపొడి అన్నంలోకి రెండు పూటలు. బిడ్డ తుమ్మింది, మూడుసార్లు. ప్రవీణ్ కంగారుపడి డాక్టరమ్మకు ఫోన్ చేశాడు.

ఈ పేజీ పైన తేదీ వేశాక, ఇదంతా రాశాక, ఇప్పుడు గుర్తొచ్చింది ఈ రోజు ఏ రోజో.

ఆగస్టు 10, ఆదివారం

నిన్న పదకొండో రోజు స్నానం పోశాను. ఈ రోజు ప్రొద్దుటూరు తీసుకొచ్చాం. బిందెలు పదమూడు, మస్తానమ్మ పట్టి ఉంచింది. ముందే కాళ్లు చాపుకుని కూర్చుంది, బిడ్డను ఒళ్లో వేయమని.

"ఏమ్మే, ఖయామత్‌కు ముందే వచ్చేసినావే" అంది బిడ్డతో.

గుర్తుల నోటు జులై 25 దగ్గర ఆగి ఉంది. నింపలేదు. పారేయలేదు. ప్రభువు వస్తాడు, అందులో నాకు సందేహం లేదు. నేను తేదీ వేసి పెట్టనవసరం లేదు.

ప్రార్థనకు కూర్చున్నప్పుడు మౌనిక అడిగింది, వరుస ఎక్కడిదాకా వచ్చిందని. ఆ రోజు నుంచి వరుస కదలలేదు, మత్తయి ఇరవై ఒకటి అన్నాను.

ఆగస్టు 13, బుధవారం

లేచింది 4.30కి. బిందెలు పన్నెండు. గుడ్డలు పదహారు. బిడ్డకు నూనె రాసి, కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోశాను. సాంబ్రాణి. మౌనిక నడుముకు గుడ్డ కట్టాను. పప్పు, వెల్లుల్లి కారం.

సాయంత్రం వరుసలో ఇరవై నాలుగు వచ్చింది. బైబిలు తెరిచి, మూసి, కీర్తన ఏదైనా చదువుదామా అన్నాను.

"వద్దు. వరుస తప్పొద్దు" అంది మౌనిక. "ఇటియ్యి, నేను చదువుతా. దీన్ని పట్టుకో."

బిడ్డను నా చేతుల్లో పెట్టి బైబిలు తీసుకుంది. మొదటి నుంచి చదివింది. నేను చదివినట్టు కాదు, ఎవరికో బాగాలేకపోతే కబురు అడుగుతున్నట్టు. కొండలకు పారిపోవాలి అనే చోటు వచ్చింది. పంతొమ్మిదో వచనం వచ్చింది. గొంతు కొంచెం తగ్గింది కానీ ఆగలేదు. చదువుతూ ఒకసారి తలెత్తి నా వైపు చూసింది.

బిడ్డ నా భుజం మీద ఉంది. బరువేమీ లేదు. మౌనిక చేతుల్లో బైబిలు తప్ప ఏమీ లేదు. పరుగెత్తాల్సి వస్తే తను పరుగెత్తగలదు. నేను వెనకాలే బిడ్డతో పోగలను, మోకాలు నొప్పి ఉన్నా.

అధ్యాయం పూర్తయ్యింది. బిడ్డ నిద్రపోయింది. దించమంది మౌనిక, కాసేపు ఉండనీ అన్నాను.

రేపు మత్తయి ఇరవై ఐదు. మస్తానమ్మ జాడీ కడిగి ఇచ్చేయాలి.

మౌనికకు ఒక పురుడు, జమ్మలమడుగు ఆసుపత్రి నాటి నుంచి బాకీ. తీరింది.